బట్టమేక మేసిన బీళ్ళు

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి బళ్ళారి వైపు నుంచి వచ్చే జనం సిరుగుప్ప దాటి కౌతాళం మండలంలో అడుగుపెడతారు. రాష్ట్రం మారుతుంది గాని నేల మారదు. అదే నల్లరేగడి, అదే చదును, కాలువ కింద అవే వరి మళ్ళు, కాలువ అందని చోట అవే పత్తి చేలు. ఈ సరిహద్దుకు అవతల, సిరుగుప్ప తాలూకా పొలాల్లో, దక్కను మొత్తంలో మిగిలిన బట్టమేక పిట్టల్లో కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ఒకప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, నందికొట్కూరు మైదానాలన్నీ ఆ పక్షి తిరగదగిన నేలే. వేటాడి చంపేశారు కాబట్టి పోయింది అనేది దీని గురించి తరచుగా చెప్పే మాట. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాని కర్నూలు జిల్లా చరిత్రను జాగ్రత్తగా చూస్తే తుపాకీకంటే రెవెన్యూ రికార్డు ఈ పక్షికి ఎక్కువ హాని చేసిందని తేలుతుంది. గడ్డి నేలను పనికిరాని నేలగా రాసిపెట్టుకున్న లెక్క రెండు వందల ఏళ్ళుగా చెల్లుబాటవుతూనే ఉంది. ఆ పిట్టను కాపాడదామని కట్టిన కంచె కూడా ఆ లెక్కను మార్చలేకపోయింది.

బట్టమేక సామాన్యమైన పక్షి కాదు. నిలబడితే మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. అది చెట్టెక్కదు, నేల మీదే నడుస్తుంది, నేల మీదే గుడ్డు పెడుతుంది. సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ వానాకాలంలో. గూడంటూ కట్టదు కాబట్టి దాదాపు నెల రోజులు ఆ గుడ్డు ఆరుబయట నక్కలకూ కుక్కలకూ కాకులకూ గొడ్ల గిట్టలకూ అందుబాటులో ఉంటుంది. జత కట్టే కాలంలో మగపక్షి కాస్త మెరక నేల చూసుకుని, గొంతు కింది సంచిని నేలదాకా వేలాడేటట్టు ఉబ్బించి, చాలా దూరం వినిపించేలా గంభీరంగా కూస్తుంది. తనను ఆడపక్షి దూరం నుంచే చూడాలి, శత్రువును తాను దూరం నుంచే చూడాలి. అందుకే దానికి చెట్లు లేని విశాలమైన బయలు కావాలి. తిండికి మిడతలు, పేడపురుగులు, రేగుపళ్ళు, చేలల్లో వేరుశనగ, శనగ. అంటే ఈ పక్షికి అడవి అక్కర్లేదు. గడ్డి బీళ్ళు, వాటి నడుమ వానాధారపు చేలు, ఆ రెండింటిలో మేసే మందలు ఉంటే చాలు. మనిషి లేని చోటు వెతుక్కునే పక్షి కాదు, మనిషి ఒక పద్ధతిలో బతికినంత కాలం అతని పక్కనే బతికిన పక్షి.

ముందుగా వేట సంగతి చూద్దాం. 19వ శతాబ్దపు దక్కనులో తెల్లదొరలకు ఈ పక్షిని కొట్టడం గొప్ప. దక్కను పక్షుల మీద రాసిన సైక్స్ దొర, ఒకే వేటగాడు వెయ్యి దాకా బట్టమేకలను కాల్చిన సంగతిని నమోదు చేశాడు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతికి అంత దెబ్బ చిన్నది కాదు. స్వాతంత్ర్యం తర్వాత జీపులూ రైఫిళ్ళూ అందుబాటులోకి వచ్చి ఆ దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. అయినా ఈ వాదానికి ఒక చిక్కు ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి బట్టమేకను మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఇచ్చిన రక్షణే దీనికీ ఇచ్చింది. వేటే అసలు కారణమైతే ఆ తర్వాత యాభై ఏళ్ళలో పక్షి కొంతైనా కోలుకుని ఉండాలి. కోలుకోలేదు సరికదా, తుపాకీల కాలంలో బతికి బట్టకట్టిన చోట్ల నుంచి కూడా కాపలా కాలంలో మాయమైంది. దేశం మొత్తం మీద ఇప్పుడు నూట యాభై పక్షులు మించి లేవని అంచనా, అందులో చాలా భాగం రాజస్థాన్ థార్ ఎడారిలోనే ఉన్నాయి. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలోకి మార్చింది. కాబట్టి కారణం మరోచోట వెతకాలి.

ఆదోని ప్రాంతం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అలా ఏర్పడిన దత్తమండలాలకు మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పొలం పొలం కొలిపించి శిస్తు కట్టాడు. నందికొట్కూరు వైపు మాత్రం 1839 దాకా కర్నూలు నవాబుల కిందే ఉండి, ఆ తర్వాతే కంపెనీ పాలనలోకి వచ్చింది. మన్రో రైతు పట్ల సానుభూతి ఉన్న అధికారి, అందులో సందేహం లేదు. కాని రైత్వారీ లెక్క తీరే వేరు. నేలంతా మెట్ట, మాగాణి, తోట, బంజరు, పోరంబోకు అని విడిపోయింది. శిస్తు తెచ్చేది మంచి నేల, తేనిది బంజరు. గొర్రెల మందలు తిరిగిన బయళ్ళు, ఊరి పశువులు మేసిన గడ్డి, వాన చాలని ఏట రైతు వదిలేసిన బీడు, ఇవన్నీ ఎవరైనా దరఖాస్తు పెట్టి పట్టా పుచ్చుకునేదాకా ఖాళీగా ఉన్నట్టే లెక్క. అడవికి 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, మంచో చెడో అడవికంటూ ఒక శాఖ ఏర్పడింది. గడ్డి నేల పేరు చెప్పుకునే శాఖ ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

ఆ గడ్డి నిజంగా ఖాళీదేనా అంటే కాదు. ఆదోని, కౌతాళం, ఎమ్మిగనూరు ప్రాంతాల కురువలు తరతరాలుగా బళ్ళారి జాతి గొర్రెలను మేపుకొచ్చిన నేల అది. ఆ గొర్రెల బొచ్చుతోనే కంబళ్ళు నేసేవారు. పంట కోసిన తర్వాత రైతు తన చేలో మంద కట్టించుకునేవాడు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే ఆ పెంట, ఆ మూత్రమే వచ్చే ఏటి పంటకు ఎరువు, కాపరికి దక్కే ప్రతిఫలం ధాన్యమో డబ్బో. మంద తిరిగిన నేల మీద గడ్డి మరీ ఏపుగా పెరగదు, పూర్తిగా చావదు. పేడపురుగులు పుడతాయి, మిడతలు ఉంటాయి. బట్టమేకకు కావలసిన నేల సరిగ్గా అదే. జొన్న, కొర్ర వేసే మెట్టచేలు ఏడాదిలో సగం రోజులు మనిషి అలికిడి లేకుండా ఉండేవి. గొర్రె, రైతు, పిట్ట ఒకే నేలను వంతులవారీగా వాడుకున్నారు. ఈ ఏర్పాటును ఎవరూ పథకం వేసి పెట్టలేదు, అందుకే అది చెదిరిపోతున్నప్పుడు ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

చెదరగొట్టింది నీళ్ళు. ఇక్కడ చాలా జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే నీటికి వ్యతిరేకంగా మాట్లాడే హక్కు రాయలసీమలో ఎవరికీ లేదు. 1876-78 కరువు తర్వాత తీసిన జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 1871 నాటికంటే నాలుగో వంతు తగ్గారు. నాలుగు ఇళ్ళకు ఒక ఇల్లు ఖాళీ అయినంత నష్టం అది. ఆ జ్ఞాపకం ఉన్న నేలకు తుంగభద్ర ఆనకట్ట పూర్తయి 1953 నుంచి నీళ్ళు రావడం, దిగువ కాలువ కింద ఆదోని, కౌతాళం, ఎమ్మిగనూరు చేలు తడవడం న్యాయం జరగడమే. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుంచి విడివడి ఇటు చేరాయి. గడ్డి మైదానం ఒకటే అయినా రెండు రాష్ట్రాల పటాల్లో పడింది. తర్వాత తూర్పున తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ వచ్చాయి. జొన్న, కొర్ర స్థానంలో పత్తి, మిరప, పొద్దుతిరుగుడు చేరాయి. ఏడాదికి ఒక పంట రెండైంది, బీడు వదలడం తగ్గింది, పురుగుమందుల పిచికారీ పెరిగింది. పురుగు చచ్చాక పిట్టకు తిండి లేదు, చేలో మనిషి ఎప్పుడూ ఉంటే గుడ్డుకు చోటు లేదు. ఆదోని పత్తి మార్కెట్టు పెరిగిన కాలమూ, ఆదోని చుట్టుపక్కల బట్టమేక కనిపించడం మానిన కాలమూ కలిసి నడిచాయి.

ఈ మార్పు సగంలో ఉండగా, 1980 ప్రాంతంలో, నందికొట్కూరుకు దగ్గరలోని రోళ్ళపాడు గడ్డి నేలల్లో బట్టమేకలు బాగానే ఉన్నాయన్న సంగతి బయటి లోకానికి తెలిసింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు అసద్ రహ్మానీ, రంజిత్ మనక్కడన్ ఇక్కడ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ పక్షి జీవితం గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం రోళ్ళపాడు నుంచి వచ్చిందే. బట్టమేకే కాదు, వానలు కురిస్తే వచ్చి జత కట్టే నేల నెమలి, శీతాకాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చి గడ్డిలో గుంపుగా రాత్రి గడిపే పిల్లిగద్దలు, తోడేళ్ళు, కృష్ణజింకలు, అన్నీ ఆ చిన్న బయలులో కనిపించాయి. 1988లో ప్రభుత్వం 614 హెక్టార్ల నేలను అభయారణ్యంగా ప్రకటించింది. కందకాలు తవ్వారు, గోడలు కట్టారు, గొడ్లను ఆపారు. చిత్తశుద్ధితో చేసిన పని అది. మొదట్లో ఫలితం కూడా కనిపించింది, కంచె లోపల గడ్డి లేచింది, పక్షి గుడ్లు పెట్టింది.

కాని 614 హెక్టార్లంటే ఆరు చదరపు కిలోమీటర్లు. బట్టమేక ఏడాది పొడుగునా వందల చదరపు కిలోమీటర్లు తిరిగే పక్షి. గుడ్డు పెట్టేది కంచె లోపలైనా బతికేది కంచె బయట. బయట ఏం జరిగిందో పైన చెప్పుకున్నాం. కాలువలు వచ్చాయి, పంటలు మారాయి, అభయారణ్యం పక్కనే అలగనూరు జలాశయం వెలిసింది. ఇక కంచె లోపల ఎవరూ ఊహించని పని జరిగింది. మేత దండిగా దొరికి, కాపలా ఉండి, కృష్ణజింకలు విపరీతంగా పెరిగాయి. రాత్రిళ్ళు బయటికొచ్చి చేల మీద పడ్డాయి. చుట్టుపక్కల రైతుకు అభయారణ్యం అంటే పంట నష్టం అని అర్థమైంది. బట్టమేక వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేకపోయినా ఆ కోపం దాని పేరు మీదే పడింది, ఎందుకంటే బోర్డు మీద ఉన్నది దాని పేరే. 2010 దాటేసరికి రోళ్ళపాడులో ఒక్క బట్టమేక కనిపించినా అది వార్త అయ్యే స్థితి వచ్చింది.

రోళ్ళపాడు చిన్నదైపోయింది కాబట్టే ఓడిపోయింది, పెద్దది చేసి ఉంటే గెలిచేది అని ఒక వాదం ఉంది. దీనికి జవాబు మహారాష్ట్రలో దొరుకుతుంది. సోలాపూర్ దగ్గర నానజ్ కేంద్రంగా 1979లో ప్రకటించిన బట్టమేక అభయారణ్యం విస్తీర్ణం ఏకంగా 8,496 చదరపు కిలోమీటర్లు. ఊళ్ళూ పట్టణాలూ రోడ్లూ అందులోనే. భూమి అమ్మాలన్నా కొనాలన్నా పని చేసుకోవాలన్నా అనుమతులు, ఆంక్షలు. చివరికి జనం తిరగబడి, దాన్ని బాగా కుదించవలసి వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో 1981లో పెట్టిన అభయారణ్యంలోనూ ఇదే కథ. భూమి అమ్మకాలు ఆగి, జింకలు పెరిగి, ఊళ్ళు పగబట్టి, పదిహేనేళ్ళు తిరక్కముందే పక్షి వెళ్ళిపోయింది. కర్ణాటకలోని రాణిబెన్నూరులో మరో విధంగా చెడింది. గడ్డి నేల ఖాళీగా ఉందనుకుని అటవీ శాఖే నీలగిరి చెట్లు నాటింది. చెట్లు లేచాయి, బట్టమేక పోయింది. చిన్న కంచె, పెద్ద కంచె, చెట్ల తోట, ఈ మూడింటి వెనక ఉన్న తప్పు ఒకటే. గడ్డిని వాడుకుంటున్న మనిషిని లెక్కలోంచి తీసేయడం.

లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో చూడాలంటే కొంచెం దూరం పోవాలి. పశ్చిమ ఆఫ్రికాకు అంచున ఉన్న కామెరూన్ దేశంలో ఓకు అనే పర్వతం ఉంది, ఎత్తు మూడు వేల మీటర్లు పైమాటే. దాని మీది కిలుమ్-ఇజిమ్ అడవిలో బ్యానర్‌మన్ టురాకో అనే పక్షి ఉంటుంది. ఆ ఎత్తైన ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అడవి నరుక్కుంటూ పైపైకి సేద్యం పోతున్న కాలంలో, 1987లో, ఇప్పుడు బర్డ్‌లైఫ్ అని పిలుస్తున్న సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. ఓకు, కోమ్ ప్రజలతో, వాళ్ళ సంప్రదాయ పాలకులైన ఫోన్లతో కూర్చుని అడవి హద్దులు ఒప్పుకున్నారు. 1994లో వచ్చిన అటవీ చట్టం ఊరివాళ్ళు సామూహికంగా అడవిని నిర్వహించుకునే వీలు కల్పించింది. తేనె, మందు మొక్కలు, వాగుల నీళ్ళు ఆ అడవి నుంచే వస్తాయి. టురాకో ఎర్ర ఈక ఆ జనానికి గౌరవ చిహ్నం. అంటే అడవి ఉండాలనుకోవడానికి వాళ్ళకు సొంత కారణాలున్నాయి, సంస్థ వాటికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది. నరుకుడు ఆగి, కొన్ని చోట్ల అడవి తిరిగి లేచింది. 2004లో ఆ పథకం ముగిసి డబ్బు ఆగాక పశువుల మేత, మంటలు మళ్ళీ పెరిగాయన్నదీ నిజమే. దాన్నిబట్టి ఊళ్ళను నమ్మడం తప్పు అనేవాళ్ళున్నారు. నాకు తోచేది వేరు. నడిచినన్నాళ్ళు నడిచింది ఊళ్ళు ఒప్పుకోవడం వల్లే, ఆగింది ఊళ్ళను మధ్యలో వదిలేయడం వల్ల.

మన దగ్గర కూడా పిట్టనూ మనిషి అవసరాన్నీ కలిపి చూసిన ఉదాహరణ లేకపోలేదు. కడప జిల్లా లంకమల అడవి అంచుల్లో, 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986లో మళ్ళీ దొరికింది. 2005లో తెలుగుగంగ కాలువ పని అది ఉండే పొదల మీదికి వచ్చింది. అభ్యంతరాలు లేచి, విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళి, కాలువ దారి మార్చారు. నీళ్ళు ఆగలేదు, పొదలూ పోలేదు. నీరా పిట్టా అని ఎవరైనా అడిగితే ఇదే జవాబు. తేడా ఎక్కడుందంటే, లంకమల పొదలు అడవి రికార్డులో ఉన్నాయి కాబట్టి అడ్డుపడే శాఖ ఒకటుంది. ఆదోని బీళ్ళు ఏ రికార్డులోనూ ఆ హోదాలో లేవు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇప్పటిది. గడ్డి నేలలు సూర్యశక్తికి, గాలిమరలకు అనువైనవి, భూతాపం పెరుగుతున్న కాలంలో దేశానికి ఆ విద్యుత్తు అవసరం. 2017లో మొదలైన కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరుచుకుని, రోళ్ళపాడుకు ఎంతో దూరం కాని చోట ఉంది. సుప్రీంకోర్టు కూడా ఈ చిక్కును ఎదుర్కొంది. బట్టమేకకు ఎదుటి చూపు తక్కువ, బరువు ఎక్కువ, కరెంటు తీగ కనిపించి పక్కకు తప్పుకునేలోపే తగిలి చస్తుంది. అందుకని 2021 ఏప్రిల్‌లో రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూమిలోకి దించమని కోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. సూర్యశక్తి వద్దనడం మూర్ఖత్వమే అవుతుంది. అయితే పలకలు ఎక్కడ పరచాలి అనే ప్రశ్నకు ప్రతిసారీ ఒకే జవాబు ఎందుకు వస్తోంది? బంజరు అని రాసి ఉంది కాబట్టి. మన్రో కాలపు అలవాటు మెగావాట్ల కాలంలోనూ అలాగే పనిచేస్తోంది. ఆ నేల మీద మేసిన గొర్రెలకూ వాటి కాపరులకూ పట్టా లేదు కాబట్టి పరిహారమూ ఉండదు, ప్రశ్నించే హక్కూ ఉండదు. పిట్ట నష్టపోయిన చోటే కురువ నష్టపోతున్నాడు. ఈ రెండు నష్టాలను వేరువేరుగా చూసినంత కాలం రెండూ ఆగవు.

పిట్టే పోయాక ఇప్పుడు ఈ గొడవెందుకు అనేవాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఒకటి, జైసల్మేర్‌లో 2019 నుంచి గుడ్లు సేకరించి బట్టమేకలను పెంచుతున్నారు. పిల్లలు పుడుతున్నాయి. రేపు వాటిని వదలడానికి నేల కావాలి, థార్ ఒక్కటే చాలదు. రెండు, సిరుగుప్ప పిట్టలకు సరిహద్దు తెలియదు. అక్కడి పొలాల్లో కర్ణాటక ఎంత కష్టపడినా, ఇటు కౌతాళం, ఆదోని వైపు ఉన్న బీళ్ళు దున్నుకుపోతే ఆ శ్రమలో సగం వృథా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి రోళ్ళపాడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. కర్నూలు జిల్లాకు మిగిలింది ఈ పడమటి మైదానమే.

కాబట్టి జిల్లా యంత్రాంగాన్ని కోరేది పెద్దదేమీ కాదు. ఆదోని, కౌతాళం, ఎమ్మిగనూరు మండలాల్లో మిగిలిన మేత పోరంబోకులను, గడ్డి బీళ్ళను ఊరూరా కొలిచి, అక్కడ మేపుకునేవాళ్ళ పేర్లతో సహా ఒక రిజిస్టరులో రాయాలి. ఆ నేలను ఏ కంపెనీకైనా ఇచ్చేముందు గ్రామసభను అడగాలి. వానాధారపు జొన్న, కొర్ర వేసే రైతుకు సరైన ధర కట్టాలి. మంద కట్టే కాపరికి తిరిగే దారి వదలాలి. బళ్ళారి అటవీ అధికారులతో కలిసి వానాకాలంలో రెండు వైపులా ఒకేసారి పక్షుల లెక్క తీయాలి. కంచెలు వద్దు, ఊళ్ళు ఖాళీ చేయించడం వద్దు. ఈ మండలాల చదువుకున్న పిల్లలు తమ ఊరి బీడు ఏ సర్వే నంబరులో ఉందో, అది ఎవరి పేరున ఏమని రాసి ఉందో ఈ వానాకాలం లోపలే వెళ్ళి చూసుకోవాలి.